మక్కీకి మక్కీ

సేవ చెయ్యాలని ఉంటుంది, ఇల్లు కదలడం కుదరదు. మోకాళ్లు సహకరించని రిటైర్డ్ టీచర్లు, పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లి ఆరు నెలలు నాలుగు గోడల మధ్య గడిపే అమ్మానాన్నలు, పసిబిడ్డ నిద్రపోయిన గంటన్నరే తమదనుకునే తల్లులు... ఈ అధ్యాయం వాళ్లకోసం. పని గురించి చెబితే చప్పగానే ఉంటుంది. కంప్యూటర్ తెర మీద ఓ పాత జనాభా లెక్కల పుస్తకంలోని పేజీ ఫొటో కనిపిస్తుంది. అందులో చేత్తో రాసిన పేర్లు, వయసులు, వృత్తులు, పుట్టిన ఊళ్లు ఉంటాయి. వాటిని చదివి గళ్లలో టైపు చెయ్యాలి. జీతం లేదు, శాలువా లేదు. మీరు టైపు చేసిన మనిషి మునిమనవడు ఎప్పుడో, ఏ ఆస్ట్రేలియాలోనో కూర్చుని ఆ పేరు వెతుక్కుంటే అది దొరుకుతుంది. మీరెవరో అతనికి తెలియదు.

ఫొటో ఉండగా మళ్లీ టైపు చెయ్యడం ఎందుకని అడుగుతారు. ఫొటోలో పేరు వెతకలేం. మాంచెస్టర్‌లాంటి ఊళ్లో ఓ తాతగారు ఉండేవారని మాత్రమే తెలిసి వీధి తెలియకపోతే ఊరంతా పేజీ పేజీ తిప్పాల్సిందే. ఎత్తి రాసిన సూచీ ఉంటే క్షణంలో దొరుకుతాడు. అదీ, ఎత్తి రాసినవాళ్లు సరిగ్గా రాసి ఉంటే.

బ్రిటన్‌లో పదేళ్లకోసారి జనాభా లెక్కలు 1801లో మొదలైనా, దేశమంతటా మనుషుల పేర్లు రాసి భద్రపరిచింది మాత్రం 1841 జూన్ 6 నాటి లెక్కతోనే. అమెరికా 1790 నుంచీ లెక్కిస్తోంది. అయితే ఇంటి పెద్ద పేరే కాక, ఇంట్లో ఉన్న స్వతంత్రులందరి పేర్లూ రాయడం 1850లో మొదలైంది. బానిసలకు అప్పుడు కూడా పేర్లు రాయలేదు, వయసూ రంగూ ఆడా మగా అన్న వివరాలే రాశారు. ఈ కాగితాలు వెంటనే జనం చేతికి రావు. బ్రిటన్‌లో వందేళ్లు, అమెరికాలో 72 ఏళ్లు తాళం వేసి ఉంచుతారు. ఈలోగా అగ్నికి ఆహుతైనవీ ఉన్నాయి. అమెరికా 1890 లెక్క 1921లో జరిగిన అగ్నిప్రమాదంలో చాలావరకు పాడైపోయింది. ఇంగ్లండ్, వేల్స్‌ల 1931 లెక్క 1942లో కాలిపోయింది. 1941లో యుద్ధం వల్ల లెక్కే జరగలేదు. అంటే ఇంగ్లండులో వరసగా రెండు లెక్కల ఖాళీ. మిగిలినవాటి మీద ఇంత శ్రద్ధ ఎందుకో ఇప్పుడు తెలిసే ఉంటుంది.

మిగిలినవాటిని వెతికే వీలున్నట్టు మార్చడంలో సామాన్యుల చెయ్యి పెద్దది. ఇంటర్నెట్ ఇంకా ఇళ్లలోకి రాని రోజుల్లోనే బ్రిటన్‌లోని కుటుంబ చరిత్ర సంఘాల సభ్యులు, అమెరికాలోని యూటా వంశావళి సంఘంతో కలిసి 1881 లెక్కను మొత్తం ఎత్తి రాశారు. సుమారు 3 కోట్ల మంది వివరాలతో అది 1999లో సీడీలుగా బయటికొచ్చింది. అదే ఏడాది మొదలైన ఫ్రీసెన్ అనే వాలంటీర్ల ప్రాజెక్టు ఇప్పటికీ నడుస్తోంది. 1841 నుంచి 1891 దాకా ఉన్న బ్రిటన్ లెక్కల్ని వాలంటీర్లు ఎత్తి రాసి, ఎవరైనా ఉచితంగా వెతుక్కునేలా పెడుతున్నారు. ఇక అమెరికా 1940 లెక్క సంగతైతే జాతరే. 2012 ఏప్రిల్ 2న తాళం తీశారు. లక్షా అరవై వేల మందికి పైగా వాలంటీర్లు కూర్చుని 13 కోట్లకు పైచిలుకు పేర్లను సుమారు ఐదు నెలల్లో టైపు చేసేశారు.

వాలంటీరుగా చేరేముందు ఓ పని చెయ్యండి. ఇలాంటి సూచీలో మీరే ఒకసారి వెతికి చూడండి. మనకు బాగా తెలిసిన మనిషి ఒకరున్నారు, సి.పి. బ్రౌన్ దొర. 1798లో కలకత్తాలో పుట్టాడు. కడప, రాజమండ్రి, మచిలీపట్నాల్లో కొలువులు చేసి, 1855లో ఇంగ్లండు చేరి, 1884లో లండన్‌లో కన్నుమూశాడు. ఈ మధ్యలో మూడు జనాభా లెక్కలు జరిగాయి: 1861, 1871, 1881. వెతికేటప్పుడు మొత్తం పేరు కొట్టకండి. లెక్క రాసుకున్న గుమస్తా, అంటే ఎన్యూమరేటరు, చార్లెస్ ఫిలిప్ అని పూర్తిగా రాశాడో, పొడి అక్షరాలతో సరిపెట్టాడో మీకు తెలియదు. ఇంటిపేరు, పుట్టిన ఏడాదికి అటూ ఇటూ ఐదేళ్ల వెసులుబాటు, పుట్టిన చోటు కలకత్తా అని ఇవ్వండి. దొరక్కపోతే కలకత్తా తీసేసి ఇండియా అని, అదీ కాకపోతే ఈస్ట్ ఇండీస్ అని మార్చండి. లండన్‌లో బ్రౌన్‌లు కొల్లలు కాబట్టి పుట్టిన చోటే మీకు ఆధారం. ఇలా కాసేపు తంటాలు పడితే ఓ సంగతి తెలుస్తుంది. వెతికేవాడి తలరాత ఎప్పుడో, ఎక్కడో, ఎవరో టైపు చేసిన ఒక్క గడి మీద ఆధారపడి ఉంది.

ఇక అసలు నియమం. ఈ పని చేసే సంస్థలన్నీ ఏదో ఒక మాటలో చెప్పేది ఇదే: కనిపించింది కనిపించినట్టు రాయండి. మన భాషలో మక్కీకి మక్కీ. వినడానికి ఇంతకన్నా తేలికైన పని లేదు. చదువుకున్నవాళ్లకు ఇంతకన్నా కష్టమైన పనీ లేదు. ఎదుటివాడి తప్పు కంటపడితే దిద్దకుండా ఉండలేకపోవడం మన చదువులు నేర్పిన అలవాటు. టీచర్లూ, ఆఫీసులో డ్రాఫ్టులు దిద్దిన సూపరింటెండెంట్లూ మొదట్లో గిలగిల్లాడేది ఇక్కడే.

వయసు సంగతి తీసుకోండి. 1841 లెక్కలో 15 ఏళ్లు దాటినవాళ్ల వయసును కిందనున్న ఐదో ఎక్కానికి కుదించి రాయమని ఎన్యూమరేటర్లకు చెప్పారు. 39 ఏళ్లవాడు 35 అయిపోయాడు, 24 ఏళ్లామె 20లోకి దిగింది. పోనీ అందరూ పాటించారా అంటే, కొందరు అసలు వయసే రాసేశారు. అదే మనిషి 1851 పేజీలో 49 ఏళ్లతో కనిపిస్తే 1841 నాటి 35 నిజం కాదని మీకు తెలుస్తుంది. తెలిసినా 35 అనే రాయాలి. (పదేళ్లలో ఏడేళ్లే పెరిగిన స్త్రీలూ పురుషులూ ఆ పేజీల నిండా కనిపిస్తారు. వాళ్ల గుట్టు మనం విప్పనక్కర్లేదు.)

చుట్టరికం గడి ఇంకా గమ్మత్తుగా ఉంటుంది. ఇంటి యజమానికి 38, భార్యకు 35, వాళ్లింట్లో ఆరేళ్ల పిల్ల పేరు పక్కన కోడలు అని ఉందనుకోండి. మనకు చప్పున బాల్య వివాహం గుర్తొస్తుంది. లేదా ఎన్యూమరేటరు పొరపాటున రాశాడులే అని కూతురుగా మార్చేయబుద్ధవుతుంది. ఆ కాలపు ఇంగ్లీషులో కోడలికి వాడే మాటనే సవతి కూతురికీ వాడేవారు. ఆ పిల్ల, భార్యకు మొదటి పెళ్లిలో పుట్టిన బిడ్డ అయ్యుంటుంది. మీరు కూతురని దిద్దితే ఆ ఇల్లాలికి అంతకుముందో పెళ్లయిందనడానికి మిగిలిన ఒకే ఒక్క ఆధారం చెరిగిపోవచ్చు. దిద్దుబాటు ఎంత నష్టం చెయ్యగలదో చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకలేదు.

పైగా మనం చూస్తున్నది చాలాసార్లు అసలు కాగితమే కాదు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1841 నుంచి 1901 దాకా ఇంటింటికీ పంచిన ఫారాలను ఎన్యూమరేటర్లు సేకరించి, తమ పుస్తకాల్లోకి ఎక్కించారు. ఆ తరవాత ఫారాల్ని ధ్వంసం చేశారు. మనకు మిగిలింది ఎన్యూమరేటరు నకలు. 1911 నుంచే ఇంటివాళ్లు స్వయంగా నింపిన ఫారాలు దక్కాయి. నకలుకు నకలు తీస్తూ మధ్యలో మన తెలివి కూడా కలిపితే, అది ఎవరి మాటో ఇక ఎవరూ తేల్చలేరు.

ఒకే మనిషి రెండుచోట్ల కనిపించినా తీసెయ్యకూడదు. స్త్రీలకు ఓటు హక్కు కోసం పోరాడిన ఎమిలీ డేవిసన్ 1911 ఏప్రిల్ 2 రాత్రి పార్లమెంటు భవనంలోని ఓ అలమరలో దాక్కుంది. ఓటు ఇవ్వని ప్రభుత్వం లెక్కలోకి ఎందుకు తీసుకుంటుందన్నది ఆ ఉద్యమకారిణుల వాదన. ఆమె దొరికిపోయింది, అక్కడి లెక్కలోకి ఎక్కింది. అటు ఆమె అద్దెకున్న ఇంట్లోనూ ఆమె పేరు రాశారు. సూచీ తయారుచేసేవాడు పేర్లు రెండైపోయాయని ఒకటి కొట్టేసి ఉంటే చరిత్రలో ఓ ముచ్చటైన పుట పోయేది.

కొన్ని మాటలు చదవడానికే బాధగా ఉంటాయి. 1871 లెక్కలో బుద్ధిమాంద్యం ఉన్నవాళ్లను, మతిస్థిమితం లేనివాళ్లను గుర్తించే గడి ఉంది. అందులో వాడిన పదాలు నేడు ఎవరమూ నోట పలకం. పెళ్లికాని తల్లి బిడ్డ పక్కన ఆ సంగతి రాసేసిన పేజీలుంటాయి. పిచ్చాసుపత్రుల లెక్కల్లో కొన్నిచోట్ల రోగుల పేర్లు లేకుండా పొడి అక్షరాలే కనిపిస్తాయి. మాటను మెత్తబరచకండి, పొడి అక్షరాలను పూరించకండి. అయితే చదివిన కథను నలుగురిలో చెప్పుకుని నవ్వుకోవద్దు. 1950 అమెరికా లెక్కలో చంటిపిల్లలుగా ఉన్నవాళ్లలో ఎందరో ఇవాళ బతికే ఉన్నారు.

తెలుగు చదువరికి ఈ పనిలో రెండు ఉచ్చులు ప్రత్యేకంగా ఉన్నాయి. ఒకటి అమెరికా లెక్కల్లో. 1930, 1940 లెక్కల్లో జాతి గడిలో ఇంగ్లీషులో ఐ, ఎన్ అని రెండక్షరాలుంటే మనవాళ్లే అనిపిస్తుంది. కాదు, అది అమెరికా ఆదివాసులకు వాడిన గుర్తు. మన దేశం నుంచి వెళ్లినవాళ్లకు వాడింది హెచ్, ఐ, ఎన్. అంటే హిందూ. కాలిఫోర్నియా పొలాల్లో పనిచేసిన పంజాబీ సిక్కు కూడా, ముస్లిం కూడా ఆ గడిలో హిందువే. మతం తెలిసినా ముట్టుకోకండి.

రెండోది మనకు అనుకూలంగా కనిపించే ఉచ్చు. బ్రిటన్ లెక్కల్లో పుట్టిన ఊరు గడిలో మద్రాసు సైన్యంలో కొలువు చేసినవాళ్ల పిల్లలు, మిషనరీల పిల్లలు మన ఊళ్ల పేర్లతో కనిపిస్తారు: విజగపటం, మసులిపటం, కడప, సికందరాబాదు, బళ్లారి, బిమ్లిపటం. ఇంగ్లండులో పుట్టి పెరిగిన వాలంటీరు అక్షరాలు కూడబలుక్కునే చోట మీరు ఒక్క చూపులో చదివేస్తారు. చదివేసి, చెయ్యి ఆగక, విశాఖపట్నం అని నేటి వర్ణక్రమంలో కొడతారు. ఫ్రీసెన్ వంటి చోట దీనికి చక్కటి ఏర్పాటుంది. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు ఒక గడిలో ఉంటుంది. అసలు ఊరు ఏదై ఉంటుందో చెప్పే ప్రత్యామ్నాయ స్థలం మరో గడిలో చేరుతుంది. అది పరిశీలకుల దశలో జరిగే పని. మీ జ్ఞానం వృథా పోదు, దాని గడి వేరు, అంతే.

అలాగని తెలివిని గుమ్మం బయట విడిచి రమ్మనడం లేదు. చదవడానికి ఎంత తెలివైనా వాడండి, దిద్దడానికి వాడకండి. ఈ తేడా పట్టుబడితే సగం పని వచ్చినట్టే. ఎన్యూమరేటరు పుస్తకం మొదటి పుటల్లో అతను తిరిగిన వీధులు, హద్దులు రాసి ఉంటాయి. ముందు అవి చదవండి. ఆ ప్రాంతం మ్యాపు తెరిచి పెట్టుకోండి. పుట్టిన ఊరి పేరులో మూడక్షరాలు మసకగా ఉంటే చుట్టుపక్కల ఊళ్లలో ఏది సరిపోతుందో చూడండి. ఇది చదవడం. ఊరి పేరు స్పష్టంగా, తప్పుగా ఉన్నప్పుడు మ్యాపు చూసి మార్చడమైతే అది దిద్దడం.

పేజీల్లో కొత్త గుమస్తా చేతిరాత వచ్చినప్పుడల్లా ఓ కాగితం తీసుకుని అతని అక్షరమాల తయారుచేసుకోండి. తెలిసిన పేర్ల నుంచి మొదలుపెట్టాలి. మేరీ, జాన్, ఎలిజబెత్ ప్రతి పేజీలో ఉంటాయి. వాటిలోంచి అతని పెద్ద జె, పెద్ద ఇ ఎలా ఉంటాయో పట్టుకోండి. పెద్ద ఎల్‌కీ ఎస్‌కీ, టీకీ ఎఫ్‌కీ, చిన్న ఎన్‌కీ యూకీ చాలామంది చేతుల్లో తేడా తెలియదు. పాత పద్ధతిలో రెండు ఎస్‌లు పక్కపక్కన వస్తే మొదటిది ఎఫ్‌లా పొడుగ్గా సాగుతుంది. రాస్ అనే ఇంటిపేరు రాఫ్స్ అనిపిస్తుంది. మన కరణాల గొలుసుకట్టు రాత చదివే పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే వాళ్ల దగ్గర కూర్చోండి. లిపి వేరైనా చదివే ఒడుపు ఒకటే. అక్షరాన్ని కాదు, చెయ్యి తిరిగిన దారిని చూస్తారు వాళ్లు.

1841 పుస్తకాలను పెన్సిలుతో నింపారు కాబట్టి చాలా పేజీలు వెలిసిపోయాయి. ఫొటోను పెద్దది చేసి, వెలుగు తగ్గించి, నలుపు తెలుపులు తారుమారు చేసి చూస్తే కొంత తేలుతుంది. తరవాతి దశాబ్దాల్లో ఇంకో బెడద. లండన్ కార్యాలయంలో వయసుల్ని కూడిన గుమస్తాలు ప్రతి అంకె మీదా అడ్డగీత కొట్టారు. 1 అనుకున్నది గీత కావచ్చు, 7 అనుకున్నది గీత తగిలిన 1 కావచ్చు. అదే పేజీలో గీతల వాలు ఎటుందో గమనిస్తే వేరు చెయ్యొచ్చు. శిశువుల వయసు దగ్గర మరింత జాగ్రత్త. నెలల గుర్తు చూడకుండా 11 నెలల బిడ్డను పదకొండేళ్లవాణ్ణి చేస్తే అతని జననం పదేళ్లు వెనక్కి పోతుంది.

ఎంత చూసినా తెలియని అక్షరం మిగులుతుంది. దానికి గుర్తులున్నాయి. ఫ్రీసెన్‌కు తోబుట్టువైన, జనన వివాహ మరణాల సూచీలను ఎత్తి రాసే ఫ్రీబీఎండీలో ఒక్క అక్షరం తెలియకపోతే అడుగుగీత, కొన్ని తెలియకపోతే నక్షత్రం గుర్తు పెడతారు. మీరు చేరిన చోటి నియమాలు చదివి వాటినే పాటించండి. ఒకచోటి అలవాటు ఇంకోచోటికి మొయ్యకండి. గుర్తు పెట్టడం నామోషీ అనుకునేవాళ్లు ఊహించి ఏదో ఒక పేరు నింపేస్తారు. ఖాళీ కన్నా అదే ప్రమాదం. గుర్తున్న చోట వెతికేవాడు ఆగి ఫొటో తెరిచి చూస్తాడు. నిండుగా, తప్పుగా ఉన్న పేరు దగ్గర ఆగడు, దాటి వెళ్లిపోతాడు.

మీ పనిని మరొకరు చూస్తారు. 1940 లెక్కకు ఒకే పేజీని ఇద్దరు, ఒకరి పని ఒకరికి తెలియకుండా, టైపు చేశారు. తేడా వచ్చినచోట మూడో మనిషి తీర్పు చెప్పారు. ఫ్రీసెన్‌లోనూ రాసేవారు, సరిచూసేవారు, పరిశీలించేవారు వేరు వేరు. మీరు గంటసేపు తలపట్టుకుని తేల్చిన పేరును ఇరవై ఏళ్ల కుర్రాడెవడో మార్చేస్తాడు. ఒళ్లు మండుతుంది. ఫొటో మళ్లీ తెరవండి. అతను చెప్పింది కనిపిస్తే ఊరుకోండి, కనిపించకపోతే ఏ అక్షరం దగ్గర తేడా ఉందో రెండు వాక్యాల్లో రాసి పంపండి. ఆ జవాబులో మీ వయసు, అనుభవం ప్రస్తావించకండి. పెద్దరికానికి ఈ వ్యవహారంలో ఓటు లేదు. ఉద్యోగంలో పాతికేళ్లు అందరి చేతా అవుననిపించుకున్నవాళ్లకు ఇది చేదుగా ఉంటుంది గానీ, నా మటుకు ఈ పనిలో దొరికే అసలు లాభం ఇదే అంటాను.

యంత్రం వచ్చాక పని తీరు మారింది. 1950 అమెరికా లెక్క 2022 ఏప్రిల్ 1న బయటికొచ్చేసరికి పేర్లను ముందుగా కృత్రిమ మేధ చదివేసింది. వాలంటీర్లు సరిచూశారు. టైపు చెయ్యడం కన్నా సరిచూడటం తేలికనుకుంటాం. అలవాటైన కన్ను యంత్రం చెప్పిందే ఫొటోలో చూసేస్తుంది, అదీ చిక్కు. ముందు ఫొటో చదివి, పేరు మనసులో అనుకుని, ఆపైన యంత్రం చదివింది చూడండి. క్రమం తారుమారైతే మీరు ముద్ర వేసే గుమస్తాగా మిగులుతారు.

రోజుకు ఎంతసేపంటే, కళ్లు మండకముందే ఆపేంత. ఒక పేజీ పూర్తిచేశాక కింది వరస నుంచి పైకి సరిచూసుకోండి. పై నుంచి వస్తే కుటుంబం కథ మనసులో నడిచి, లేని అక్షరాలు చూపిస్తుంది.

ఇన్నీ విన్నాక అందరూ అడిగే ప్రశ్న ఉంది: మన తాతల పేర్లు మన జనాభా లెక్కల్లో ఇలా వెతకలేమా? లేం. దేశమంతా ఒకేసారి లెక్క మొదటిసారి 1881 ఫిబ్రవరి 17న జరిగింది. అందులోంచి మనకు చేరినవి పట్టికలూ నివేదికలే గాని ఇంటింటి పేర్లు కావు. స్వతంత్రం వచ్చాక 1948 నాటి జనగణన చట్టం 15వ సెక్షను ఆ రికార్డుల్ని ఎవరూ తనిఖీ చెయ్యడానికి వీల్లేదంది. బ్రిటన్‌లో, అమెరికాలో ఉన్నట్టు ఇన్నేళ్ల తరవాత తెరుస్తామన్న గడువు అందులో లేదు. మన కుటుంబ చరిత్ర భూమి కాగితాల్లో ఉంటుంది: కోస్తా, సీమల్లో ఇనాం ఫెయిర్ రిజిస్టర్లు, తెలంగాణలో సేత్వార్లు, పహాణీలు. అవి వేరే అధ్యాయానికి వచ్చే విషయం.

కానీ ఒక్కచోట మనవాళ్ల పేర్లు, తండ్రి పేర్లతో, ఊరితో సహా వరసగా ఉన్నాయి. అవి జనాభా లెక్కలు కావు, కూలీ ఓడల జాబితాలు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. 1911 దాకా అలా నేటాల్‌కు వెళ్లినవాళ్లు సుమారు 1,52,000 మంది. అందులో ఎక్కువమంది మద్రాసు నుంచి ఓడెక్కినవాళ్లే. వాళ్లలో విశాఖ, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువాళ్లూ ఉన్నారు. జాబితాలో ప్రతి మనిషికీ ఓ నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం, ఒంటి మీది పుట్టుమచ్చలు. రాసింది ఇంగ్లీషు గుమస్తా, చెవికి వినిపించినట్టు. అప్పలస్వామి అనే పేరు ఒక్కో ఓడలో ఒక్కో రూపంలో ఉంటుంది.

ఇలాంటి జాబితా మీ తెర మీదికొస్తే చెయ్యి ఆపుకోవడం మహా కష్టం. ఆ పేరు అసలు ఎలా రాయాలో మీకు తెలుసు, గుమస్తాకు తెలియదు. అయినా గుమస్తా రాసిందే రాయండి. అతను ఇంగ్లీషులో వంకరగా రాసిన ఆ పేరే తరవాత ఇంటిపేరై, పిల్లల బడి రిజిస్టర్లలోకీ పాస్‌పోర్టుల్లోకీ ఎక్కిన కుటుంబాలు అక్కడున్నాయి. డర్బన్‌లో ఉన్న మునిమనవరాలు తాత ఊరు వెతుక్కుంటూ వస్తే ఆమె కొట్టేది ఆ వంకర అక్షరాలే. తెలుగులో పేరు ఏమై ఉంటుందో, గ్రామం నేడు ఏ మండలంలో ఉందో మీకు తోచింది వ్యాఖ్యల గడిలో విడిగా రాసి, అది మీ ఊహ అని గుర్తు పెట్టండి. ఆ గడి లేని ప్రాజెక్టైతే ఒకటి పెట్టమని నిర్వాహకులకు ఉత్తరం రాయండి.